ఒడిశా సరిహద్దు ఊళ్లలో టీవీ, నెట్ కనెక్షన్: డిష్ తీసుకోవాలా, కేబులా? తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కోరాపుట్, జయపురం వైపు తెలుగువాళ్లు మా రీఛార్జ్ కౌంటర్ దగ్గరికొచ్చి అడిగేవి ఏడాది పొడవునా ఇంచుమించు ఈ ప్రశ్నలే. వైజాగ్ వాళ్లకో హైదరాబాద్ వాళ్లకో చెప్పిన సలహాలు ఇక్కడ సగం పనికిరావు. ఇక్కడ కేబుల్ ప్యాకులు ఒడియావి, కొన్ని వీధుల్లోకి ఫైబర్ రాలేదు, తుఫాను దారిలో ఉన్నాం. మేం డిష్‌లు కూడా బిగిస్తాం కాబట్టి ఆ వైపే మొగ్గుతామని అనుమానం రావచ్చు. చదివి చూడండి, కేబుల్ మేలైన చోట కేబులే తీసుకోమన్నాను. ఏ ప్రశ్న కావాలంటే నేరుగా దానికే వెళ్లొచ్చు.

## ఏదీ తీసుకోక ముందు

ఇవన్నీ కాదు గానీ, ఒక్క ముక్కలో చెప్పండి. డిష్ మంచిదా, కేబుల్ మంచిదా?

ముందు నెట్ సంగతి తేల్చుకోండి, టీవీ సంగతి తర్వాత. టీవీకి ఏ మూల ఊరికైనా దారి ఉంది, నెట్‌కే దారులు తక్కువ. మీ వీధిలోకి ఫైబర్ వచ్చి, తెగితే మర్నాటికల్లా వచ్చి అతికే మనిషి ఉంటే నెట్ అతని దగ్గరే తీసుకోండి. అతని దగ్గర తెలుగు ఛానళ్లు కూడా ఉంటే టీవీ కూడా అక్కడే. వైర్ రాని ఊరైతే టీవీకి డిష్, నెట్‌కి మొబైల్ సిగ్నల్ మీద నడిచేదేదో ఒకటి. కంపెనీ పేరు చూసి మురిసిపోవద్దు. చెడినప్పుడు ఎవరొస్తారు, ఎన్నాళ్లకొస్తారు అన్నదే అసలు తేడా.

డిష్ పెట్టించుకుంటే దాంట్లోనే నెట్ కూడా వస్తుందా?

రాదు. ఇంటి మీద డిష్ ఉపగ్రహం నుంచి వచ్చేది అందుకుంటుందే గానీ తిరిగి ఏమీ పంపలేదు. నెట్‌కి రెండు వైపులా రాకపోకలు ఉండాలి. అయోమయం ఎక్కడొచ్చిందంటే, డిష్ కంపెనీల పేర్లతోనే ఫైబర్ కనెక్షన్లు కూడా ఉన్నాయి. పేరు ఒకటే అయినా అవి వేరే వైర్, వేరే బిల్లు, మీ ఊళ్లో ఉంటాయన్న నమ్మకమూ లేదు. కొన్ని కొత్త డిష్ బాక్సుల్లో యూట్యూబ్ వస్తుంది, కానీ దానికి నెట్ మీ వైఫై నుంచే ఇవ్వాలి.

మాది చుట్టూ కొండలున్న ఊరు. డిష్‌కి సిగ్నల్ అందుతుందా?

దాదాపు ఎప్పుడూ అందుతుంది. టీవీ ఉపగ్రహాలు భూమధ్యరేఖకి పైన, 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. మన ప్రాంతం నుంచి చూస్తే దక్షిణం వైపు ఆకాశంలో బాగా పైకి కనిపిస్తాయి. టాటా ప్లే ఉపగ్రహం తూర్పు రేఖాంశం 83 డిగ్రీల దగ్గర ఉంది. రాయగడ కూడా ఇంచుమించు ఆ రేఖ మీదే ఉంది కాబట్టి అక్కడ ఆ డిష్ సూటిగా దక్షిణానికి తిరిగి, సుమారు 68 డిగ్రీల ఎత్తుకి చూస్తుంది. ఎయిర్‌టెల్‌ది 108 డిగ్రీలు, అందుకే ఆ డిష్ ఆగ్నేయానికి తిరిగి, 55 డిగ్రీల దాకా వంగుతుంది. అంత ఎత్తుకి చూసేదానికి దూరంగా ఉన్న కొండ అడ్డు కాదు.

అడ్డొచ్చేవి దగ్గరివే: పెరట్లో పనసచెట్టు, పక్కింటివాళ్లు కొత్తగా లేపిన మేడ. డిష్ కొనే ముందు డాబా ఎక్కి దక్షిణం, ఆగ్నేయం వైపు ఆకాశం ఖాళీగా ఉందో లేదో చూసుకోండి. ఆగ్నేయంలో చెట్టుంటే సూటిగా దక్షిణానికి తిరిగే డిష్ తీసుకుంటే సరిపోతుంది. చెట్టు కొట్టక్కర్లేదు.

పార్వతీపురంలో మా అత్తగారింట్లో ఏపీ ఫైబర్‌నెట్ ఉంది. నెట్, టీవీ, ఫోను అన్నీ ఒకే బిల్లు. ఇక్కడ మాకెందుకు ఇవ్వరు?

అది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సంస్థ. 2017 డిసెంబరులో రాష్ట్రపతి చేతుల మీదుగా మొదలైంది. ఆ రాష్ట్రంలోని కేబుల్ ఆపరేటర్ల ద్వారానే ఇళ్లకు వెళ్తుంది. రాష్ట్రం దాటి ఇటు లైను లేదు. సరిహద్దు అవతలి స్తంభం నుంచి దొంగచాటుగా వైర్ లాగిస్తామని ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి. కనెక్షన్ మీ పేర ఉండదు, ఆగిపోతే అడగడానికి దిక్కుండదు.

నెట్, టీవీ, ఫోను ఒకే బిల్లులో ఇక్కడా దొరుకుతాయి. బీఎస్‌ఎన్‌ఎల్ భారత్ ఫైబర్ చిన్న పట్టణాల్లో లోకల్ భాగస్వాముల ద్వారా ఇస్తోంది. పల్లెల్లో అయితే భారత్‌నెట్ (పంచాయతీలకు నెట్ ఇచ్చే కేంద్ర పథకం) ఫైబర్ మీ గ్రామ పంచాయతీ దాకా వచ్చిందో లేదో పంచాయతీ ఆఫీసులో అడగండి. వచ్చి ఉంటే అక్కడి నుంచి ఇంటికి లాగే వీలుంటుంది.

మాది అద్దె ఇల్లు. మా ఆయనకి రెండు మూడేళ్లకోసారి ట్రాన్స్‌ఫర్. ఏది తీసుకుంటే నష్టం లేదు?

టీవీకి డిష్. ఊరు మారినా విప్పి పట్టుకెళ్లొచ్చు, కొత్త ఊళ్లో బిగింపు ఖర్చే ఉంటుంది. ఇల్లుగలాయన డాబా మీద మేకులు కొట్టనిస్తాడో లేదో మాత్రం ముందే అడగండి. ఈ ఒక్క విషయం మీద జరిగిన గొడవలు కంపెనీలతో జరిగిన గొడవల కంటే ఎక్కువ. నెట్‌కి ఏడాది ప్లాను జోలికి పోకుండా నెలనెలా కట్టే ప్లాను తీసుకోండి.

ఫ్రీ డిష్ పెట్టుకుంటే నెలనెలా కట్టక్కర్లేదు కదా. అది సరిపోదా?

బాక్సు, డిష్ కొన్న ఖర్చే, నెలవారీ కట్టేదేమీ లేదు. ఇది దూరదర్శన్‌ది, 2004 డిసెంబరు నుంచి ఉంది. డీడీ సప్తగిరి, డీడీ యాదగిరి, డీడీ ఒడియా వస్తాయి. హిందీ సినిమాలు, వార్తలు బోలెడు. ప్రైవేటు ఛానళ్లకు వేలంలో చోటిస్తారు కాబట్టి ఈ ఏడాది ఉన్నది వచ్చే ఏడాది ఉంటుందని చెప్పలేం. సాయంత్రం సీరియల్ చూడనిదే అన్నం తినని అమ్మమ్మ ఇంట్లో ఉంటే ఇది సరిపోదు. పొలంలో మకాంకి, రెండో టీవీకి, ఎప్పుడో ఒకసారి టీవీ పెట్టే ఇంటికి మాత్రం దీన్ని మించింది లేదు.

బాక్సు లేకుండానే కేబుల్ ఇస్తాం, చవక అంటున్నారు. తీసుకోవచ్చా?

వద్దు. పల్లెలతో సహా దేశమంతా 2017 మార్చి 31 నాటికి డిజిటల్‌కి మారాలని గడువు పెట్టారు. ఇప్పుడు బాక్సు లేకుండా ఇచ్చేది చట్టం ఒప్పుకోని కనెక్షన్. బిల్లుండదు, కంప్లైంట్ చేసే దారి ఉండదు.

## తెలుగు ఛానళ్లు, నెల బిల్లు

కేబుల్ వాళ్లు ఒడియా ప్యాకే అంటగడుతున్నారు. తెలుగు అడిగితే "ఇక్కడ రాదు" అంటున్నారు. నిజమేనా?

రెండు వేరే విషయాలు ఇందులో కలిసిపోతున్నాయి. ఆపరేటర్ పై కంపెనీ ఆ ఛానల్‌ని తన సిస్టంలో పెట్టుకోకపోతే అది నిజంగానే రాదు, అతనేం చేయలేడు. పెట్టుకుని ఉంటే మాత్రం, మీరున్నది ఏ రాష్ట్రమైనా సరే, విడిగా అడిగితే ఇవ్వాలి. కావలసిన ఛానళ్లు ఎంచుకునే హక్కు 2019లో అమల్లోకి వచ్చిన ట్రాయ్ (టీవీ, ఫోన్ కంపెనీలకు రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ) పద్ధతి మీకిచ్చింది. ప్యాక్ అనేది వాళ్లు కట్టిన మూట మాత్రమే. అదే తీసుకోవాలని రూలు లేదు.

ఎలా తేల్చుకోవాలి? ఇంట్లో ఉన్న బాక్సులో ఛానళ్ల జాబితా చివరిదాకా నడపండి. జీ తెలుగు నంబరు దగ్గర "ఈ ఛానల్ మీరు తీసుకోలేదు" అనే అర్థంలో ఏదైనా రాసి వస్తే ఛానల్ అక్కడుంది, డబ్బు కడితే తెరుచుకుంటుంది. నంబరే లేకపోతే అక్కడ లేనట్టే. అప్పుడిక వాదన అనవసరం, డిష్ వైపు చూడండి. ఆపరేటర్ అబ్బాయికి తెలుగు రాకపోతే ఛానళ్ల పేర్లు చీటీ మీద రాసి ఇవ్వండి. "తెలుగు ప్యాక్" అని నోటితో అడిగితే అతను వార్తా ఛానళ్లు రెండు కలిపి పంపించేసిన సందర్భాలున్నాయి.

టీవీ అంటే 130 రూపాయలే కట్టాలని అప్పట్లో చెప్పారు. మరి మాకు ఇంత బిల్లెందుకొస్తోంది?

ఆ 130 కేవలం లైను అద్దె లాంటిది. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిస్తే 153 రూపాయల 40 పైసలు. అందులో ఉచిత ఛానళ్లే వస్తాయి. ఈటీవీ, స్టార్ మా, జెమినీ, జీ తెలుగు లాంటి వినోద ఛానళ్లు డబ్బు కట్టి తీసుకునేవి, వాటి ధర విడిగా పడుతుంది. పైగా ఆ 130 గరిష్ఠ పరిమితిని ట్రాయ్ 2024 జులైలో ఎత్తేసింది. ఇప్పుడు ఆ అద్దె ఎంతో కంపెనీయే నిర్ణయించుకుంటుంది. అందుకే పక్క వీధిలో వేరే ఆపరేటర్ దగ్గర వేరే బిల్లు రావచ్చు. ఛానల్ ధర మాత్రం ప్రసార సంస్థ ప్రకటించినదాని కంటే ఎవరూ ఎక్కువ తీసుకోకూడదు.

నాకు తెలుగు సీరియళ్లు, పిల్లలకి బొమ్మల ఛానల్, మా ఆయనకి క్రికెట్, మావయ్యగారికి ఒడియా వార్తలు. బిల్లు తగ్గేదెలా?

కాగితం తీసుకుని ఇంట్లో ఒక్కొక్కరినీ అడగండి. పోయిన నెలలో నిజంగా చూసిన ఛానళ్లే చెప్పమనండి, చూడాలనుకునేవి కాదు. ఏ ఇంట్లోనైనా జాబితా పది పన్నెండు దాటితే నాకు ఆశ్చర్యమే. ఇప్పుడు వాటిలో ఉచితమైనవి కొట్టేయండి. ఒడియాలో, తెలుగులో వార్తా ఛానళ్లు చాలావరకు ఉచితమో, నామమాత్రపు ధరో అయి ఉంటాయి. అసలు డబ్బు తినేవి వినోదం, క్రీడలు.

లెక్క ఇలా వేయండి. నాలుగు తెలుగు వినోద ఛానళ్లు ఒక్కోటి 19 రూపాయలు అనుకుంటే 76. జీఎస్టీతో 89 రూపాయల 68 పైసలు. ఈ 19 ఎందుకంటే, అంతకు మించి ధర పెట్టిన ఛానల్‌ని బొకేలో (ఒక సంస్థ తన ఛానళ్లని కలిపి ఒకే ధరకిచ్చే మూటలో) కలపకూడదని నిబంధన. అందుకే పేరున్న ఛానళ్లు చాలావరకు ఆ గీత దగ్గరే ఆగుతాయి. ఒకే సంస్థ ఛానళ్లు మీ జాబితాలో మూడు నాలుగు ఉంటే ఆ సంస్థ తెలుగు బొకే చవక పడుతుంది. ఒకటే ఉంటే విడిగా తీసుకోండి.

మన సరిహద్దు ఇళ్లలో డబ్బు వృథా అయ్యేది ఒక్కచోటే. ఒడియా ప్యాక్ తీసుకుని, దాని మీద తెలుగు ప్యాక్ కూడా కలుపుతారు. అవే హిందీ సినిమా, కార్టూన్, ఇంగ్లీషు ఛానళ్లు రెండింట్లోనూ ఉంటాయి. తెలుగు ప్యాక్ ఒక్కటి పెట్టుకుని దానికి కావలసిన రెండు మూడు ఒడియా ఛానళ్లు విడిగా చేర్చి చూడండి. తర్వాత అదే తిరగేసి లెక్కేయండి. ఏది తక్కువైతే అది. క్రికెట్ ఛానల్‌ని టోర్నమెంటు నడిచే నెలల్లోనే చేర్చుకుని తర్వాత తీయించేయొచ్చు.

శ్రీకాకుళంలో మా ఇంట్లో వాడిన డిష్ బాక్సు ఇక్కడికి తెచ్చుకుంటే పనిచేస్తుందా?

పనిచేస్తుంది. ఉపగ్రహానికి రాష్ట్రాల సరిహద్దు లేదు. మీ తెలుగు ప్యాక్ కూడా అలాగే నడుస్తుంది. ఇక్కడి తెలుగువాళ్లలో చాలామంది చేసేది ఇదే. ఒక్క పని మాత్రం మానకండి, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి అడ్రసు మార్పించుకోండి. అడ్రసు శ్రీకాకుళానిదే ఉంటే, చెడినప్పుడు మీరు పెట్టిన కంప్లైంట్ అక్కడి టెక్నీషియన్‌కే వెళ్తుంది. ఆయన రాష్ట్రం దాటి రాడు. మార్చేటప్పుడు "మీకు ఒడియా ప్యాక్ పెడుతున్నాం" అంటే అక్కర్లేదని స్పష్టంగా చెప్పండి.

మా ఊరి లోకల్ ఛానల్ డిష్‌లో వస్తుందా?

రాదు, అది కేబుల్ వాళ్లది. బరంపురంలో ఠాకురాణి యాత్ర ఊరేగింపు, మీ వీధి ఫంక్షను, ఊరి చావుకబుర్లు చూడాలంటే కేబులే ఉండాలి.

రెండో టీవీకి మళ్లీ అంత బిల్లు కట్టాలా?

అంత అక్కర్లేదు. ఒకే ఇంట్లో, ఒకే పేరు మీద రెండో కనెక్షన్‌కి లైను అద్దెలో తగ్గింపు ఇచ్చే పద్ధతి ఉంది, అడిగి తీసుకోండి. ఛానళ్లు కూడా రెండు టీవీలకూ ఒకటే ఉండాలని లేదు.

## ఇంటికి నెట్

కేబుల్ అబ్బాయి నెట్ కూడా ఇస్తానంటున్నాడు. పెద్ద కంపెనీది వదిలి అతని దగ్గర తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. కాకపోతే అడగాల్సినవి అడిగి తీసుకోండి. మొదటిది, ఇంటి లోపలికి వచ్చేది ఏ వైరు? సన్నటి ఫైబర్ అయితే మంచిది. కొన్ని వీధుల్లో ఇంకా స్తంభం మీద ఒక పెట్టె పెట్టి, దాన్నుంచి మామూలు ల్యాన్ వైరు లాగుతున్నారు. ఆ పెట్టెకి కరెంటు కావాలి. వీధిలో కరెంటు పోతే మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా నెట్ పోతుంది, పిడుగు పడితే ఆ పెట్టె, మీ రౌటర్ రెండూ పోతాయి. ఫైబర్‌లో మధ్య దారిలో కరెంటు అవసరమే లేదు.

రెండోది ఎవరూ అడగని ప్రశ్న: ఫైబర్ అతికే మెషిన్ నీ దగ్గరే ఉందా? స్ప్లైసింగ్ మెషిన్ సొంతంగా ఉన్న ఆపరేటర్ తెగిన వైరుని ఆ సాయంత్రానికే కలిపేస్తాడు. లేనివాడు దాన్ని బరంపురం నుంచో విజయనగరం నుంచో తెప్పించుకోవాలి. ఈలోగా మీ పిల్లల ఆన్‌లైన్ పరీక్ష అయిపోతుంది. ఈ ఒక్క మెషిన్ వల్లే మా చుట్టుపక్కల ఒక చిన్న ఆపరేటర్ పెద్ద కంపెనీ కంటే మంచి పేరు తెచ్చుకున్నాడు.

మూడోది, రాత్రి ఎనిమిది నుంచి పది మధ్య అతని పాత కస్టమర్ ఇంట్లో కూర్చుని ఒక వీడియో పెట్టి చూడండి. పగలు వేగం అందరి దగ్గరా బాగానే ఉంటుంది.

100 ఎంబీపీఎస్ అన్నారు. సినిమా డౌన్‌లోడ్ చేస్తే 12 దగ్గర ఆగిపోతోంది. మోసమేనా?

కాదు. ప్లాన్‌లో చెప్పేది బిట్లలో, డౌన్‌లోడ్‌లో కనిపించేది బైట్లలో. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి 100ని 8తో భాగిస్తే 12.5 వస్తుంది. మీకు పూర్తి వేగం వస్తున్నట్టే. నలుగురున్న ఇంటికి 40, 50 ఎంబీపీఎస్ చాలు. అంతకంటే ఎక్కువ వేగానికి డబ్బు పెట్టే బదులు, మందపాటి గోడల ఇల్లయితే రౌటర్‌ని నడి ఇంట్లో పెట్టించండి.

మా ఊరికి ఏ వైరూ రాదు. ఎయిర్‌ఫైబర్ పెట్టించుకోమంటున్నారు. నమ్మొచ్చా?

అది డాబా మీద పెట్టే రిసీవర్‌తో మొబైల్ టవర్ సిగ్నల్ని అందుకుని ఇంట్లో వైఫైగా ఇచ్చేది. ఎయిర్‌టెల్, జియో రెండూ 2023లో దేశంలో మొదలుపెట్టాయి. దగ్గరలో మంచి 5జీ టవర్ ఉండి, మధ్యలో అడ్డు లేకపోతే బాగానే నడుస్తుంది. పెట్టించే ముందు అదే కంపెనీ సిమ్ ఉన్న 5జీ ఫోన్ పట్టుకుని డాబా ఎక్కి, పగలు ఒకసారి, రాత్రి ఒకసారి వేగం చూడండి. ఫోన్‌లో రానిది డబ్బా పెడితే అమాంతం వచ్చేయదు. ఇచ్చిన అడ్రసులోనే వాడాలి, సెలవులకు ఊరు పట్టుకెళ్దామంటే కుదరదు.

5జీ లేని కొండ ఊళ్లలో బీఎస్‌ఎన్‌ఎల్ 4జీ ఉందేమో చూడండి. వాళ్ల స్వదేశీ 4జీని 2025 సెప్టెంబరు 27న మన ఝార్సుగూడలోనే ప్రారంభించారు. ఒక సిమ్ కొని నెల వాడి చూడటానికి పెద్ద ఖర్చేం కాదు.

స్టార్‌లింక్ వస్తోందట కదా. అది వచ్చేదాకా ఆగమంటారా?

ఆగొద్దు. ఇది డిష్ టీవీ ఉపగ్రహం లాంటిది కాదు. సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే వేల ఉపగ్రహాల నుంచి నెట్ ఇస్తుంది కాబట్టి మల్కనగిరి అడవుల్లాంటి చోట్లకి నిజంగా పనికొచ్చేదే. దానికి 2025 జూన్‌లో కేంద్రం లైసెన్సు ఇచ్చింది. లైసెన్సు రావడం వేరు, మీ ఇంటికి కనెక్షన్ రావడం వేరు. ఏజెంటునని చెప్పి అడ్వాన్సు అడిగేవాళ్లకి పైసా ఇవ్వకండి. పట్టణంలో ఫైబర్ దొరికే ఇంటికి దీని అవసరమే లేదు.

నెట్ బాగుంటే టీవీ కనెక్షన్ తీసేయొచ్చా?

వయసు బట్టి. తెలుగు వార్తా ఛానళ్లు చాలావరకు యూట్యూబ్‌లో లైవ్ వస్తాయి. సీరియళ్లు, క్రికెట్ యాప్‌లలో ఉన్నాయి. ముప్పై లోపు వాళ్లే ఉన్న ఇల్లయితే తీసేయండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే తొందరపడొద్దు. వాళ్లకి కావాల్సింది రిమోట్‌లో ఒక నంబరు నొక్కితే ఆ ఛానల్ రావడం. యాప్ తెరవడం, ఓటీపీ కొట్టడం వాళ్ల వల్ల కాదు, మధ్యాహ్నం మీరు ఆఫీసులో ఉండగా పది ఫోన్లొస్తాయి. యాప్‌లన్నిటి చందా కలిపితే కేబుల్ బిల్లు దాటిపోతుందేమో కూడా ఒకసారి కూడి చూసుకోండి.

## బిగించే రోజు

డిష్ బిగించడానికి మనిషొస్తున్నాడు. ఏమేం చూసుకోవాలి?

స్తంభం కదలకుండా ఉందా అన్నది మొదటిది. రేకుల ఇంటి మీద రేకుకే బిగిస్తే గాలికి రేకు ఊగినప్పుడల్లా బొమ్మ పోతుంది. గోడకి బిగించమనండి. తర్వాత బాక్సు మెనూలో సిగ్నల్ బలం, నాణ్యత చూపించమనండి. బొమ్మ రాగానే "అయిపోయింది సార్" అని మెట్లు దిగబోతాడు. దిగనివ్వకండి. డిష్‌ని చిటికెడు అటూ ఇటూ తిప్పుతూ నాణ్యత అంకె ఇంక పెరగదనేదాకా చేయించండి. ఎండరోజు మిగుల్చుకున్న ఆ కాస్త బలమే వానలో బొమ్మని కాపాడుతుంది.

వైరు ఇంట్లోకి వచ్చే ముందు కిందికి ఒక వంపు పెట్టి పైకి తేవాలి, అప్పుడు వాననీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. అతుకులు బయట లేకుండా ఒకే వైరు వేయించండి. చివరగా ఫారం కాపీ, రసీదు తీసుకుని, బాక్సు మీ సొంతమా, అద్దెకా అన్నది అందులో రాయించుకోండి.

ఏడాదికి ఒకేసారి కడితే రెండు నెలలు ఫ్రీ అంటున్నారు. కట్టేయమంటారా?

టీవీకి ఏడాది కట్టడంలో పెద్ద ప్రమాదం లేదు. నెట్‌కి మాత్రం మొదటి మూడు నెలలు నెలనెలా కట్టండి, అందులో ఒక వానాకాలపు నెల ఉంటే మరీ మంచిది. ఇన్‌స్టలేషన్ ఫ్రీ అన్నారంటే ఎన్ని నెలలు ఉండాలని షరతు పెట్టారో చదవండి.

## తీసుకున్నాక, చెడినప్పుడు

వాన మొదలవగానే డిష్ బొమ్మ పోతోంది. కేబుల్ వాళ్లకి పోవడం లేదు. ఎందుకు?

కేబుల్ వాళ్లూ ఛానళ్లని ఉపగ్రహం నుంచే తీసుకుంటారు. కానీ వాళ్ల పెద్ద డిష్‌లు సాధారణంగా సీ-బ్యాండ్‌లో పనిచేస్తాయి, దాన్ని వాన అంతగా అడ్డుకోదు. ఇంటి చిన్న డిష్ కేయూ-బ్యాండ్‌ది. ఆ తరంగాలు చిన్నవి, లావుపాటి వాన చినుకులు వాటిని పీల్చేస్తాయి, చెదరగొడతాయి. కుండపోతలో పది ఇరవై నిమిషాలు పోవడం మామూలే.

తుంపరకే పోతుంటే మాత్రం తప్పు మీ డిష్‌లో ఉంది. కోణం జరిగి ఉండొచ్చు, డిష్ ముందు కడ్డీకి ఉండే, సిగ్నల్ పట్టే ముక్క (ఎల్‌ఎన్‌బీ) లోకి నీరు చేరి ఉండొచ్చు, కనెక్టరు తుప్పు పట్టి ఉండొచ్చు. కనెక్టరు విప్పి చూడండి. మధ్య రాగి తీగ ఆకుపచ్చగా మారి ఉంటే చివర కత్తిరించి కొత్త కనెక్టరు వేయిస్తే చాలావరకు సరిపోతుంది. ఏజెన్సీ ప్రాంతంలో వానలు ఎక్కువ కాబట్టి 60 సెంటీమీటర్ల డిష్ బదులు 90ది పెట్టించుకుంటే తేడా తెలుస్తుంది.

వాన లేదు, మబ్బు లేదు. నాలుగైదు రోజులుగా సరిగ్గా ఒకే టైముకి కాసేపు బొమ్మ పోతోంది?

మార్చి మొదటి సగంలోనో, సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లోనో అయితే అది సూర్యుడి పని. ఆ రోజుల్లో సూర్యుడు కాసేపు ఉపగ్రహం వెనక్కి సరిగ్గా వస్తాడు, ఆ ధాటికి సిగ్నల్ కొట్టుకుపోతుంది. కొన్ని నిమిషాల్లో అదే వస్తుంది. టెక్నీషియన్‌ని పిలిచి డబ్బులివ్వకండి.

తుఫానొస్తే ఏది ముందు తేరుకుంటుంది?

డిష్. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు గంజాంలో, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటినప్పుడు గజపతి, శ్రీకాకుళంలో స్తంభాలు వరసగా కూలాయి. కేబుల్, ఫైబర్ వెళ్లేది ఆ స్తంభాల మీదే. ముందు కరెంటు లైను లేవాలి, ఆ తర్వాతే వైరు. డిష్ అయితే తిప్పి సరిచేసుకుంటే చాలు, కరెంటు వచ్చిన రోజే టీవీ వస్తుంది. తుఫాను హెచ్చరిక రాగానే డిష్ ఉన్న కోణానికి స్తంభం మీద పెయింటుతో గీత పెట్టి, విప్పి లోపల పెట్టుకోండి. ఎగిరిపోయే డిష్ పక్కింటివాళ్ల మీద పడితే నష్టం మీదే.

ఉరుముల వానకి ప్లగ్గు తీస్తే సరిపోదు. డిష్ నుంచి బాక్సుకి వచ్చే వైరు కూడా తీసేయండి. పిడుగు ఆ దారిన కూడా వస్తుంది.

కరెంటు పోయినప్పుడల్లా నెట్ పోతోంది. ఏం చేయాలి?

ఫైబర్ అయితే రౌటర్‌కి 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెట్టుకోండి. రెండు మూడు గంటలు లాగుతుంది. అది పెట్టాక కూడా పోతోందంటే ఆపరేటర్ ఆఫీసులోనే బ్యాకప్ లేదన్నమాట. ఆ ప్రశ్న అతన్నే అడగాలి.

నెట్ బాక్సులో ఎర్ర లైటు వెలుగుతోంది. ఆపి మళ్లీ పెట్టినా పోవట్లేదు.

ఎల్‌ఓఎస్ అని రాసున్న చోట ఎర్ర లైటు అంటే ఫైబర్‌లో వెలుతురు అందడం లేదు. వైరు ఎక్కడో తెగింది, లేదా మడత పడింది. ఇంట్లో బీరువా వెనక నలిగిందేమో చూడండి. ఆ సన్నటి వైరుని మూలలో గట్టిగా వంచితే తెగకుండానే పనిచేయడం మానేస్తుంది. ఇంట్లో బాగుంటే బయట కోతులో, రోడ్డు పని చేసే జేసీబీయో కారణం, లైన్‌మ్యాన్ రావాల్సిందే. కంప్లైంట్ చెప్పేటప్పుడు "నెట్ రావట్లేదు" అనకుండా "ఎర్ర లైటు వెలుగుతోంది" అనండి. అతను మెషిన్ పట్టుకునే వస్తాడు.

ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ రావట్లేదు. ఎవరికి చెప్పాలి?

ముందు కంపెనీ కస్టమర్ కేర్‌కి చెప్పి కంప్లైంట్ నంబరు తీసుకోండి. నంబరు లేని కంప్లైంట్ లేనట్టే లెక్క. ఒడిశా ఫోన్ నంబరు నుంచి చేస్తే ముందు ఒడియా, హిందీ వినిపిస్తాయి. తెలుగు కావాలంటే భాష ఎంచుకునే చోట ఆగి వినండి, లేదా మనిషి లైన్లోకి వచ్చాక అడగండి. అక్కడ తేలకపోతే ఆ కంపెనీ నోడల్ అధికారికి రాయాలి, వివరాలు వాళ్ల సైట్‌లో ఉంటాయి. దానికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేయండి. ట్రాయ్‌కి ఉత్తరాలు రాసేవాళ్లున్నారు. అది రూల్స్ పెట్టే సంస్థ, ఒక్కొక్కరి కంప్లైంట్లు తీర్చదు.

## మారాలనుకుంటే, ఆపాలనుకుంటే

పాత కంపెనీ బాక్సుతోనే కొత్త కంపెనీకి మారొచ్చా? ఫోన్ నంబరుకి ఉన్నట్టు పోర్టింగ్ ఉందా?

లేదు. ఒక కంపెనీ బాక్సు ఇంకోదానికి పనిచేయదు. ఏ బాక్సైనా ఎక్కడైనా పనిచేసేలా చేయాలని ట్రాయ్ 2020లో సిఫార్సు చేసింది గానీ, ఇళ్లలో ఉన్న బాక్సులు మాత్రం ఇప్పటికీ ఎవరివి వాళ్లవే. డిష్ గిన్నె, స్తంభం, వైరు చాలాసార్లు పనికొస్తాయి. కొత్తవాడు అన్నీ కొనిపించబోతే ఆ ముక్క అడగండి.

వేసవిలో రెండు నెలలు ఊళ్లో ఉండం. ఆపి, వచ్చాక మళ్లీ పెట్టించుకోవచ్చా?

డిష్‌కి రీఛార్జ్ మానేస్తే చాలు, దానంతటదే ఆగుతుంది. వచ్చాక రీఛార్జ్ చేసి బాక్సుని ఆన్ చేసి కాసేపు వదిలేయండి. కేబుల్‌కి మాత్రం వెళ్లే ముందే చెప్పి మెసేజ్ ద్వారా ఒప్పించుకోండి. లేకపోతే తిరిగొచ్చాక రెండు నెలల బాకీ చూపిస్తారు.

నెట్ పూర్తిగా తీసేశాను. రౌటర్ డిపాజిట్ ఇంకా ఇవ్వలేదు.

రౌటర్, అడాప్టర్ రెండూ ఇచ్చారా అని మొదట చూసుకోండి, అడాప్టర్ ఇవ్వలేదని ఆపేవాళ్లే ఎక్కువ. ఇచ్చేటప్పుడు బాక్సు అడుగున ఉన్న సీరియల్ నంబరుని ఫోటో తీసుకోండి. తీసుకున్న మనిషితో తారీఖు వేయించి సంతకం పెట్టించుకోండి. ఆ కాగితం ఉంటే 1915లో మాట్లాడటం తేలిక. కాగితం లేకుండా కేబుల్ అబ్బాయి చేతిలో పెట్టి పంపేసినవాళ్లు మాత్రం అతని ఆఫీసుకే వెళ్లి, రిజిస్టర్‌లో తమ పేరు ఎదురుగా ఏం రాసుందో చూడాలి.